సోమవారం పాలు

ఏడేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. దాని బరువెంతో నాకే సరిగ్గా తెలియదు. కొన్ని రోజులు అసలు ఉన్నట్టే ఉండదు. పొద్దున దీపం పెట్టి, ఈ ఇంటికి, ఈ నీళ్ళకు, ఈ ఊపిరికి దణ్ణం స్వామీ అని ఒక్కొక్కటే తలచుకుంటూ పోతాను కదా, అప్పుడు ఒక చోట ఆగిపోతాను. భాగ్య పేరు దగ్గర. ఆమెకు దణ్ణం చెప్పాలా, ఆమె నాకు చెప్పే దణ్ణాలు వెనక్కి ఇచ్చేయాలా? తెలియక, ఆ పేరు దాటేసి ముందుకు పోతాను.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, మీరు నాకు తెలియరు. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచినాను. వేరే మాట వచ్చింది.

నేను బడికి పోలేదు. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదని నన్ను ఇంట్లోనే పెట్టుకున్నారు. నాన్న పలకమీద తెలుగు నేర్పించినాడు. కన్నడ, అంగళ్ళ బోర్డులు చూసి నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, కూడబలుక్కుంటాను. నాకు తెలిసినవన్నీ అట్లా ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవే. పూజ కూడా. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చదువు లేక తప్పు చేసిందని మీరు అనుకుంటారేమో. కాదు. నాకు తెలుసు. తెలిసే చేసినాను. అదే ఈ కథంతా.

మాది కాడుగోడి, కన్నడసీమలో పెద్ద సిటీ అంచున. మా అత్తగారి తాతల కాలం నుంచి ఇక్కడే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా మా సందు మాత్రం పాత ఊరే. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక్క ఆవు ఉండేది. కావేరి. నల్ల మచ్చల సీమావు. మా ఆయన నీళ్ళ ట్యాంకరు తోలతాడు. ఒకసారి ఆయనకు గుండె నొప్పి వచ్చి బతికి బయటపడినాడు. అప్పుడు మొక్కుకున్నాను. ప్రతి సోమవారం నా చేత్తో పిండిన పాలు ఒక చెంబు, మా సందు చివరి ఈశ్వరుడి గుడికి, అభిషేకానికి. అభిషేకానికి పచ్చిపాలే కావాలి. కాచినవి పనికిరావు. పూజారి స్వామి ఆ పాలు లింగం మీద పోసి, కింద పట్టిన దాంట్లోనే పెరుగు, తేనె, చక్కెర, అరటిపండు కలిపి అందరికీ చేతిలో పోసేవాడు. సోమవారం పొద్దున ఆ తీర్థం తాగి పనికి పోయేవాళ్ళు మా సందులో చాలామంది.

భాగ్య అందులో ఒకతె. మా ఇంటి ముందర రూములో బాడుగకు ఉండేది. మదనపల్లి వైపు నుంచి వచ్చింది. ఒంటరి మనిషి. గార్మెంట్సులో టైలరు. షర్టు కాలరు కుట్టడంలో తన చెయ్యి పడితే సూపర్‌వైజరు మళ్ళీ చూడడని గొప్పగా చెప్పేది. గుడి ఊడ్చి, ముగ్గేసి, మొదటి తీర్థం తాగి ఫ్యాక్టరీ బస్సెక్కేది. మొదటి తీర్థం తనకే రావాలి. ఎవరైనా ముందు చెయ్యి చాపితే, "ఊడ్చింది నేను, తాగేది మీరా?" అని ఎగతాళి చేసేది. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ ఏడాది కార్తీకానికి ముందు కావేరి ఈసుకుపోయింది. అంటే నెలలు నిండకముందే చచ్చిన దూడను వేసింది. ఏడో నెల. మాయ పడలేదు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని మాయ తీసింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆవు రక్తం తీసుకుంది, పాలు కొంచెం సీసాలో పట్టుకుంది. దూడను లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చమంది. కొట్టమంతా బ్లీచింగు వేసి కడగమంది.

గుంట ఎక్కడ తీసేది? మాకు ఇల్లు తప్ప భూమి లేదు. వెనకటి గోమాళం, అంటే ఊరి పశువులు మేసే బీడు, ఇప్పుడు లేఔటు. కొట్టం చుట్టూ సిమెంటు. మా ఆయన గోనెసంచిలో చుట్టి చెరువు కట్ట కింద, మురుగునీళ్ళు పోయే రాజకాలువ పక్కన పడేసి వచ్చినాడు. అందరూ అక్కడే పడేస్తారు. మధ్యాహ్నానికి కుక్కలు ఆ సంచి లాక్కుపోతుంటే చూసినామని ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. మాది కాదన్నట్టు నిలబడినాను.

ఆ చెరువు కట్ట గడ్డే మేము కోసుకొచ్చి ఆవుకు వేసేవాళ్ళం.

ఇప్పుడు నా తప్పు మొదలవుతుంది. మొదట అది తప్పులా లేదు, వినండి. ఆవు ఈనితే పది రోజులు పురుడు. ఆ పది రోజుల పాలు దేవుడికి పోయరు. దూడ చచ్చి పుట్టినా పురుడే కదా అని నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పదిరోజులు దాటినాక తలంటి పోసుకుని, ఆవుకు పసుపు కుంకుమ పెట్టి, చెంబు తోమి, సోమవారం పాలు పిండి గుడికి తీసుకుపోయినాను. ఎంత నిష్ఠగా చేసినానో! మైల పోయిందని ఎంత తృప్తిగా ఉండిందో. పది రోజులు గడిస్తే పోయేది మైల. రోజులు గడిచినా పోనిది ఇంకొకటి ఆ పాలలో ఉందని ఎవరైనా చెప్పి ఉంటే?

చెప్పినారు. అదే కదా. చెప్పనే చెప్పినారు.

ఆ వారంలోనే డాక్టరమ్మ కాగితం తీసుకుని వచ్చింది. కావేరికి బ్రూసెల్లా అనే జబ్బు అంది. మందు వేసి పోగొట్టేది కాదంట. ఆవును విడిగా కట్టమంది. అన్నీ కన్నడలో, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. పాలు బాగా పొంగించి కాచుకుంటే భయం లేదు, పచ్చిపాలు మాత్రం ఒక్క చుక్క కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు. ఇంట్లో గాని పక్కింట్లో గాని ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గి మళ్ళీ వస్తుంటే, మనుషుల డాక్టరుకు ముందు ఆవు సంగతి చెప్పండి, లేకుంటే వాళ్ళు ఏవేవో జ్వరాలనుకుని తిప్పుతారు అంది. మా ఆవుకు ఎట్లా వచ్చిందని అడిగినాను. ఆమె నవ్వలేదు. "ఎవరో వాళ్ళ దూడను కట్ట కింద పడేసుంటారు. ఆ గడ్డి మీ ఆవు తినుంటుంది. ఆవుకొక ఆరోగ్యం, మనిషికొకటి, ఆ నేలకొకటి అని వేరే వేరే ఉండదమ్మా. మీ దూడను పూడ్చినారు కదా?"

"పూడ్చినాము మేడం" అన్నాను.

"మీ పాలు పచ్చివి ఎవరైనా తీసుకుంటారా?"

"లేదు మేడం. అందరూ కాచుకుంటారు."

అది అబద్ధమా? పాలు పోయించుకునే ఇళ్ళన్నీ కాచుకునేవే. నేను పచ్చివి ఇచ్చేది ఒక్క దేవుడికి. దేవుడు 'ఎవరైనా'లోకి వస్తాడా? ఆ నిమిషంలో నిజంగా నాకు ఇట్లాంటి ఆలోచనే వచ్చింది. ఇప్పుడు కల్పించుకుని చెప్పడం లేదు. ఆమె రాసుకుంది. వెళ్ళిపోయింది.

తరువాతి సోమవారం చెంబు పట్టుకుని కొట్టంలో చాలాసేపు నిలబడినాను. మొక్కు మానితే మా ఆయనకు ఏమవుతుందో. మానితే అందరూ ఎందుకని అడుగుతారు, ఆవుకు జబ్బని తెలుస్తుంది, ఇక మా పాలు ఎవరు పోయించుకుంటారు. ఆ పాల డబ్బుతోనే మా ఇల్లు సగం నడిచేది. ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క, లింగం మీద పడినాక అది పాలు కాదు కదా, ఆయన ముట్టినాక దానికి దోషం ఎక్కడిది అని. రెండు ఆలోచనలూ పెనవేసుకుని, ఏది భక్తి, ఏది భయం అని నాకు విడదీయడం రాలేదు. ఈ రోజుకీ రాలేదు. తీసుకుపోయినాను.

ఒకసారి పూజారి స్వామిని అడిగినాను కూడా. కాచి చల్లార్చిన పాలతో అభిషేకం చెయ్యొచ్చా అని. ఆయన పంచె ఎగ్గట్టుకుని గర్భగుడి కడుగుతున్నాడు. తల కూడా ఎత్తకుండా, "పచ్చివే పోయాల తల్లీ, పద్ధతి" అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. పద్ధతి ఆయన చెప్పినాడు, నేను చేసినాను. కానీ నేను ఆయనకు ఆవు సంగతి చెప్పి అడగలేదు. చెప్పి ఉంటే వద్దనేవాడేమో. వద్దంటాడనే చెప్పలేదేమో.

కార్తీకమంతా పోసినాను. ఆ తరువాత ఆవు వట్టిపోయిందని చెప్పి మానేసినాను. వట్టిపోలేదు. నేనే తట్టుకోలేకపోయినాను. చూడండి, ఇక్కడే నాకు దారి తప్పుతుంది. దేవుడు ముట్టితే శుద్ధమని నమ్మి ఉంటే ఎందుకు మానినాను? నమ్మకపోతే అన్ని వారాలు ఎందుకు పోసినాను?

భాగ్యకు సంక్రాంతి దాటినాక జ్వరం మొదలైంది. వచ్చేది, చెమటలు పట్టేది, పోయేది, మళ్ళీ వచ్చేది. నడుము పట్టుకుపోయేది. టైఫాయిడని ఒకరు, క్షయేమోనని ఒకరు. ఎన్ని మందులు మింగిందో. నేను జావ కాచి ఇచ్చేదాన్ని. బట్టలు ఉతికిపెట్టేదాన్ని. ఆటోలో ఆసుపత్రికి తోడు పోయేదాన్ని. మంచిదాన్ని కదా? ఆ రోజుల్లో నేను చేసినంత సేవ నా కన్నతల్లికి కూడా చేయలేదు. ఆ సేవ ఎవరికోసం చేసినానో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను.

ఒకరోజు ఒంట్లో కొంచెం నయంగా ఉంటే తనే ఒంటరిగా ఆసుపత్రికి పోయి వచ్చింది. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. గోడ పట్టుకుని నా పక్కన మెల్లగా కూలబడింది. ముఖంలో నవ్వు.

"అక్కా, ఈ పొద్దు కొత్త డాక్టరు ఉండాడు. చిన్నోడు. మీసం కూడా సరిగ్గా రాలే. నన్నేమడిగినాడో చెప్పు చూద్దాం?"

"ఏమడిగినాడు?"

"మీ ఇంట్లో ఆవులుండాయా, మేకలుండాయా అని. అయ్యో సారూ, నేనుండేది పదడుగుల రూము, పండుకుంటే నా కాళ్ళే బయటికొస్తాయి, ఇంక ఆవునేడ కట్టేది అన్న్యా."

నేను నవ్వినాను. నిజంగానే నవ్వొచ్చింది.

"పచ్చిపాలు తాగుతారా అన్న్యాడు మళ్ళా. ఎవరు తాగుతారప్పా పచ్చిపాలు, నేనేమన్నా పిల్లినా అంటి. పక్కనుండే నర్సమ్మ కూడా నగింది."

ఆ తరువాత తన నవ్వు కొంచెం ఆగింది. గోరుతో నేల మీద గీస్తూ అడిగింది.

"అవునూ అక్కా, తీర్థం పాలే కదా. అది కూడా లెక్కకొస్తాదా? రేపు మళ్ళా రమ్మన్న్యాడు. చెప్పల్నా?"

చేటలో బియ్యం అట్లాగే ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా నాకు వినిపించింది. మనుషుల డాక్టరుకు ముందు ఆవు సంగతి చెప్పండి. ఇన్నాళ్ళు ఏ డాక్టరుకూ తట్టని ప్రశ్న తనంతట తానే నడిచి నా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. తల ఊపితే చాలు. చెప్పు అంటే చాలు.

"తీర్థం పాలెట్లవుతాదే?" అన్నాను. "అభిషేకం అయినంక అది దేవునిది. దేవుని ప్రసాదం మీద కూడా అనుమానమా?"

చెంపలేసుకుంది. "తప్పే నాది. బుద్ధి లేక అడిగితి. లేదనే చెప్తాలే."

"చెప్పు" అన్నాను.

లేదనే చెప్పింది. ఆ చిన్న డాక్టరు ఆ దారి వదిలేసి ఇంకో దారి పట్టినాడు. మళ్ళీ క్షయ మందులు. మళ్ళీ జ్వరం. ఆ ఎండాకాలం పోయింది, వానలు వచ్చినాయి. అప్పటికి తుంటి దగ్గర ఎముక జాయింటు పాడైంది. కూర్చోలేకపోయేది. కూర్చోలేకపోతే మిషను ఎట్లా తొక్కుతుంది? ఫ్యాక్టరీలో ఎన్నాళ్ళు చూస్తారు? పని పోయింది.

చివరికి ఇంకో పెద్ద ఆసుపత్రిలో ఎవరో, అడగకుండానే, రక్తంలో అన్నీ వెదికినారు. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. జబ్బు పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు పలకడం రావడం లేదు, నువ్వు కూడబలుకుతావు కదా చూడక్కా అంది. చూడాల్సిన పని లేదు. అయినా లోపలికి పోయి, దేవుడి పటం వెనక దాచిన కావేరి కాగితం తీసి, రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం వేలితో తడుముతూ పోయినాను. ఆవు కాగితంలో ఉన్న అక్షరాలే మనిషి కాగితంలో. ఒక్కటి కూడా తేడా లేదు. ఆవు కాగితం మళ్ళీ పటం వెనక పెట్టేసి బయటికి వచ్చి, "ఏదో పెద్ద జ్వరమంట, మందు ఉండాదంట" అన్నాను.

వారాల తరబడి మందులు, సూదులు. జ్వరం పోయింది. దేవుడి దయ. నడుము మాత్రం మునుపటిలా కాలేదు. ఇప్పుడు భాగ్య ఒక పీజీ హాస్టల్లో వంటకు సాయం చేస్తుంది. నిలబడి చేసే పని కదా, అది చేయగలుగుతుంది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడే పోతుంది. పండగలకు మా ఇంటికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మా ఆయనతో అంటుంది, "అన్నా, అక్క లేకుంటే నేను ఎప్పుడో పోయుంటి. నా పాలిటికి తల్లి" అని. ఆయన నావైపు గర్వంగా చూస్తాడు. నేను లోపలికి పోయి కాఫీ కలుపుతాను. రెండుసార్లు పొంగించి కలుపుతాను.

నా పాలవల్లే వచ్చిందని రుజువేముంది అని కూడా అనుకున్నాను. దాచను. ఆమె తాగిన ప్రతి టీలో ఏ పాలున్నాయో ఎవరికి తెలుసు? తీర్థం తాగిన వాళ్ళు అంతమంది, వాళ్ళకు రాలేదు కదా? కానీ వచ్చిందో రాలేదో నేను చూసినానా? కొందరు బాడుగ ఇళ్ళు మారి మహదేవపుర వైపు పోయినారు, కొందరు ఊళ్ళకు. ఎవరికో ఎక్కడో జ్వరం వచ్చి తగ్గి వస్తూ, ఎవరో డాక్టరు ఆవులుండాయా అని అడుగుతూ, వాళ్ళు నవ్వి లేదని చెప్తూ ఉంటే? ఆ కట్ట కింద గడ్డి ఇంకెవరి ఆవు తిన్నదో? నాకు తెలియనంత దూరం పోయింది నా చెంబెడు పాలు. మొదట ఎవరో సంచి పడేసినారు, పాపం వాళ్ళకూ పూడ్చడానికి చోటు లేదేమో. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని చూస్తాను. వాళ్ళ ముఖం నా ముఖంలాగే కనిపిస్తుంది.

ఇంకొకటుంది. ఇదొక్కటి చెప్పకుండా ముగిద్దామనుకున్నాను. పైనే ఆపేసి కాగితం మడిచినాను కూడా. ముగియదు.

నేనూ తీర్థం తీసుకునేదాన్ని కదా, నాకెందుకు రాలేదని మీకు అనిపించి ఉంటుంది. ఆవు కాగితం వచ్చిన తరువాతి సోమవారం నుంచి నేను తాగలేదు. అందరితో పాటు వరసలో నిలబడినాను. చెయ్యి చాపినాను. స్వామి పోసినాడు. కళ్ళకద్దుకున్నాను. నోటి దాకా తెచ్చి, తల వంచి, తాగినట్టే చేసి, తడి చెయ్యి తల మీద రాసుకున్నాను. ఎవరూ చూడలేదు. ముందు భాగ్య తాగింది, ఆ తరువాత ఒక ముసలాయన, ఒక తల్లి తన బిడ్డకు వేలితో నాకించింది. నేను తల తుడుచుకున్నాను. ప్రతి సోమవారం అట్లాగే. అంటే నా చెయ్యికి తెలుసు అది పాలేనని. నా మనసు ఏమేమి చెప్పుకున్నా, భక్తి అన్నా, పద్ధతి అన్నా, మొక్కు అన్నా, ఆ చెయ్యి నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

దీనికి ఏ పూజ ఉందో నాకు తెలియదు. వెదకలేదు. ఉంటుందేమోనని భయం కూడా, చేసేసి చేతులు దులుపుకుంటానేమోనని. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు తాగలేదు ఆ పాలు.

పేర్లు మార్చినాను. మొక్కిన దినం మార్చలేదు, తీర్థం మార్చలేదు, ఆమె నన్ను అడిగిన మాటా, నేను చెప్పిన జవాబూ ఒక్క ముక్క మార్చలేదు. ఆమె తెలుగు బాగా చదువుతుంది. దొరికిన ప్రతి పుస్తకమూ చదువుతుంది, పొట్లం కట్టి వచ్చిన కాగితం కూడా విప్పి చదివిగాని పారేయదు. ఇది ఎప్పుడైనా ఆమె చేతికి వస్తే రెండో పేజీ తిప్పేలోపలే తెలిసిపోతుంది. ఆ భయంతోనే ఇన్నేళ్ళు రాయలేదు. ఇప్పుడు రాసేసినాను. భయం అట్లాగే ఉంది. కానీ ఈ పొద్దు మొదటిసారి, అది పాలు అని, నాకు తెలుసు అని, ఒక కాగితం మీద నా చేతిరాతలో ఉంది. మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. కొట్టేయలేదు.